ఈడీఎం ఫెస్ట్‌లో సౌండ్ బాగుందో లేదో ఎలా తేల్చాలి?
2007లో గోవాలో మొదలైన సన్‌బర్న్ లాంటి ఫెస్ట్‌కి వెళ్లొచ్చి "బేస్ లేదు బ్రో" అనే ముందు, మీరు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. స్టేజీకి రెండు వైపులా సబ్‌వూఫర్లు ఉంటే, సరిగ్గా మధ్యలో రెండింటి తరంగాలు ఒకేసారి చేరి బేస్ దంచేస్తుంది. నాలుగైదు అడుగులు పక్కకి జరిగితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇందులో డీజే తప్పేం లేదు.

నేనైతే సౌండ్ ఇంజినీర్ మిక్సర్ దగ్గరే నిలబడతా. ఆయన వింటున్నదే మనమూ వింటాం. డ్రాప్ ఎంత గట్టిగా పడిందని కాదు, ట్రాక్ మారేటప్పుడు రెండు బేస్‌లైన్లు కలిసి ముద్దగా అయిపోతున్నాయా అని వినండి. ఫోన్ వీడియో చూసి మాత్రం తేల్చకండి, అంత సౌండ్‌కి ఆ చిన్న మైక్ తట్టుకోలేదు.

అన్నట్టు, ఇయర్‌ప్లగ్స్ మర్చిపోవద్దు. ఇలాంటి ఈవెంట్లకు డబ్ల్యూహెచ్‌వో 2022లో సూచించిన సగటు పరిమితి 100 డెసిబెల్స్. ఫోమ్ ప్లగ్స్ బేస్ కన్నా హైస్‌నే ఎక్కువ తగ్గిస్తాయి, కాబట్టి కిక్ ఎక్కడికీ పోదు.