పిల్లల మౌనము – పెద్దల బాధ్యత

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను పెద్దలమైన మనము తరచుగా చెబుతూ ఉంటాము. అయితే వంచుటకు ముందు ఆ మొక్క ఏ నేలలో మొలిచినదో చూడవలెను కదా! తరగతిలో నోరు విప్పని పిల్లవానిని మొండివాడనో, మందమతి అనో తేల్చివేయుట సులభము. ఆ మౌనమునకు కారణము తెలుసుకొనుట కష్టము. నిజమైన విద్య ఆ కష్టము వద్దనే మొదలవుతుంది.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో మొదటి కారణము భాష. ముస్లిం బిడ్డ ఇంటిలో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది. దేవరకొండ వైపు తండాలలో బిడ్డకు వచ్చినది లంబాడీ. తెలుగు ఇంటి బిడ్డ సైతము "యాడ" అంటుంది గాని పుస్తకములోని "ఎక్కడ" అనదు. ఉర్దూలో "ళ" ధ్వని లేనందున ఉర్దూ ఇంటి బిడ్డ నోట "నీళ్ళు" కాస్తా "నీల్లు" అవుతుంది. తరగతి నవ్వుతుంది, ఉపాధ్యాయుడు ఉచ్చారణ దిద్దుతాడు. నీళ్ళను గురించి ఆ బిడ్డ చెప్పదలచిన సంగతి మాత్రము ఎవరి చెవిని పడదు. మరునాడు ఆ బిడ్డ చేయి ఎత్తదు.

రెండవ కారణము బ్రతుకు. ఈ మెట్ట ప్రాంతముల నుండి, ముఖ్యముగా పాలమూరు నుండి, దశాబ్దాల తరబడి ఎన్నో కుటుంబములు కూలి పనులకై దూరపు నగరములకు వలస పోయినవి. వెంట వెళ్ళిన బిడ్డకు చదువు తెగినది. అవ్వ వద్ద మిగిలిన బిడ్డపై ఇంటి పని పడినది. అట్టి బిడ్డను "బడికి ఎందుకు రాలేదు?" అని గద్దించితే వచ్చునది అబద్ధమో, కన్నీరో. "ఇంటివద్ద ఏమైనది?" అని మెల్లగా అడిగితే నిజము వచ్చుటకు దారి కలదు.

బిడ్డ మాట వినుట దయ కాదు, బిడ్డ హక్కు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణము ఈ మాటనే చెప్పినది. భారతదేశము 1992లో అందులో చేరినది. 2009 విద్యాహక్కు చట్టము కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బిడ్డ నిర్భయముగా తన అభిప్రాయము చెప్పగలుగవలెనన్నది. మన పొరుగున రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుండి పనిలో ఉన్న బాలలను శిబిరములలో చేర్చుకొని బడికి సిద్ధము చేసినది. పేదలకు చదువుపై ఆసక్తి లేదన్న మాట తప్పని ఆ కృషి చూపినది. దానిని నడిపిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారము లభించినది.

మరి మనము చేయవలసినదేమి? మొదట చెప్పనిచ్చి, తరువాతనే దిద్దవలెను. ప్రశ్న వేసి, జవాబు కొరకు కొంత ఆగవలెను. ఏ భాషలో మొదలుపెట్టిన మాటను ఆ భాషలోనే ముగించనీయవలెను. నమ్మి చెప్పిన సంగతిని పదిమందిలో ఎగతాళి చేయరాదు. బిడ్డ కోరినదెల్ల ఒప్పుకొనవలెనని కాదు. కాదనునప్పుడు కారణము చెప్పవలెను.

ఉర్దూ, తెలుగు రెండును ఎరిగిన మన విద్యార్థులకు ఈ పని మరింత సులువు. వారానికి ఒక గంట తమ వాడలోని పిల్లలతో కూర్చుండి, వారి భాషలోనే వారి మాట వినవలెనని కోరుతున్నాము. కళాశాల కమిటీ పెద్దలు ఇందుకు ఒక గదిని, ఒక సాయంత్రమును కేటాయించినచో, బడి మానుటకు సిద్ధపడిన ఒక్క బిడ్డ అయినను నిలువవచ్చును. ఆ ఒక్క బిడ్డ నిలిచినను మన చదువు సార్థకము.