యాత్రావ్యయం: కాశీ, అండమాన్

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని పూర్వులు అనేవారు. నెలల తరబడి సాగే ఆ యాత్రకు బయలుదేరే ముందు అప్పులు తీర్చి, ఆస్తులు పంచి, అయినవారందరి వద్ద సెలవు తీసుకొనేవారు. ఆంగ్లేయుల పాలనలో ఇదే మాట మరొక చోటికి వేరొక అర్థంలో వర్తించింది. ద్వీపాంతరవాస శిక్ష పడి అండమానుకు ఓడ ఎక్కినవాణ్ణి మళ్ళీ చూడగలమన్న ఆశ ఇంటివారికి ఉండేది కాదు. ఒకటి మోక్షభూమి, మరొకటి శిక్షాభూమి. తిరిగిరాని తావులుగా పేరుపడిన ఆ రెండూ నేడు సెలవుల్లో చూసివచ్చే ప్రదేశాల పట్టికలో చేరాయి.

కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకు ముందు మా ఇంట్లో ఈ రెండింటి మధ్యనే వివాదం వచ్చింది. మా అమ్మ కాశీ అన్నది. మా అమ్మాయి అండమాన్ అన్నది. నా చేతిలో ఉన్న సొమ్ము ఒక్క యాత్రకే సరిపోతుంది. తీర్పు చెప్పవలసిన భారం నాపై పడినందున ఒక నోటుపుస్తకం తీసి, పేజీ మధ్య నిలువుగీత గీసి, ఇటు కాశీ, అటు అండమాన్ అని రాసుకొని కూర్చున్నాను. లెక్క తేలితే మాట తేలుతుందని నా నమ్మకం. సాహిత్యం చదువుకొన్నవాడికి అంకెలపై ఉండే గౌరవం అలాంటిది.

మొదట చేసిన పొరపాటు ఏమిటంటే, దూరాన్నిబట్టి ఖర్చు ఉంటుందనుకోవడం. తెలుగునాటినుండి రెండూ వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలోనే ఉన్నాయి. అయితే కాశీకి రైలు ఉంది. పొద్దున బయలుదేరితే మరునాటికి చేరుకోవచ్చు. రైలు ఛార్జీ ముందే నిర్ణయమై ఉంటుంది. రిజర్వేషన్ దొరకడమొక్కటే సమస్య. అప్పట్లో 120 రోజుల ముందే టికెట్టు తీసుకొనే వీలుండేది. 2024 నవంబరు 1 నుండి ఆ గడువును 60 రోజులకు తగ్గించారు. అండమానుకు విమానమైనా ఎక్కాలి, ఓడయినా ఎక్కాలి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవులనుండి నడిచే ఓడలు తక్కువ. ప్రయాణానికి రెండు మూడు రోజులు పడుతుంది. పది రోజుల సెలవుల్లో రానూపోనూ ఆరు రోజులు సముద్రం మీదనే గడిచిపోతే ఇక చూసేదేముంది? కనుక విమానమే శరణ్యం. దాని ఛార్జీ సంతలో కూరగాయల ధర వంటిది. గిరాకీనిబట్టి పూటపూటకూ మారుతుంది. సంక్రాంతి సెలవులంటే ఆ దీవులకు అందరూ బయలుదేరే కాలం.

నా నోటుపుస్తకంలోని అంకెలు ఇప్పుడు చెల్లవు. కాబట్టి లెక్క చేసే పద్ధతి తెలియడానికి కొన్ని అంకెలు ఊహించుకొందాం. నలుగురు సభ్యుల కుటుంబానికి కాశీకి రానూపోనూ రైలు ఖర్చు 15,000 రూపాయలు, అక్కడ బసకూ తిండికీ తిరగడానికీ రోజుకు 3,000 అనుకొందాం. అండమానుకు విమానాల ఖర్చు 60,000, అక్కడ రోజుకు 8,000 అనుకొందాం. మూడు రోజులుంటే కాశీ ఖర్చు మొత్తం 24,000, అనగా రోజుకు 8,000. అండమాన్ ఖర్చు 84,000, అనగా రోజుకు 28,000. అవే ఆరు రోజులైతే కాశీకి రోజుకు 5,500, అండమానుకు 18,000 పడుతుంది. ఒకసారి పెట్టి తీరవలసిన దారిఖర్చు ఎక్కువ రోజులపై పరచుకొనేకొద్దీ పలచబడుతుందన్నమాట. దారిఖర్చు భారీగా ఉన్న చోట రెండు రోజులుండి రావడంకంటె వ్యర్థమైన పొదుపు లేదు. ఈ సంగతి చెప్పగానే మా అమ్మాయి, “అయితే అండమానులో పది రోజులుందాం నాన్నా, ఇంకా చవక” అన్నది. రోజు ఖర్చు తగ్గినా మొత్తం పెరుగుతుందని ఆమెకు తెలియక కాదు.

అసలు కాశీలో రోజు ఖర్చు అంత తక్కువ ఎందుకు? ఇక్కడ లెక్కల పుస్తకాన్ని కాసేపు పక్కన పెట్టవలసి వచ్చింది. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో వర్ణించిన ఒక కథ ఉంది. కాశీలో శిష్యులతో తిరిగిన వ్యాసునికి భిక్ష దొరకలేదు. ఆకలితో ఆగ్రహించి ఆ నగరాన్నే శపించబోగా, జగన్మాత ముత్తయిదువ రూపంలో వచ్చి అందరికీ కడుపునిండా అన్నం పెట్టింది. తరువాతనే మందలింపు, నగర బహిష్కారం. కాశీలో ఆకలితో ఎవరూ ఉండరాదన్న భావన ఎంత పాతదో ఈ కథ చెబుతుంది. ఆ భావనను రాతిలో కట్టినవారు వేరే ఉన్నారు. విశ్వనాథాలయాన్ని పద్దెనిమిదో శతాబ్దిలో అహల్యాబాయి హోల్కర్ పునర్నిర్మించింది. ఎనభైకి పైగా ఉన్న స్నానఘట్టాలలో అనేకం మరాఠా ప్రభువులు కట్టించినవే. తెలుగువారు కూడా తమ యాత్రికుల కోసం ఆశ్రమాలను, సత్రాలను నెలకొల్పారు. కేదారఘట్టం పరిసరాల్లో తెలుగు మాట వినబడని సందు అరుదు. స్వల్ప రుసుముతో గది, చాలా చోట్ల ఉచితంగా భోజనం దొరకడానికి కారణం ఇదే. అక్కడ మన ఖర్చు తక్కువ కావడానికి మూలం మన నేర్పు కాదు. ఆ ఖర్చును మనకంటె ముందే ఎవరో పెట్టారు.

ఇవేవీ చాలినంతగా లేని దారిలో ఖర్చెంతో తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్యను తలచుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట దాదాపు వంద మంది పరివారం, పల్లకీ బోయీలు, డేరాలు. పదిహేను నెలలకు పైగా వారందరినీ పోషించినది ఆయన సొమ్మే. కాశీయాత్ర చరిత్రలో ఆయా మజిలీలలో ఏ వస్తువు దొరుకుతుందో, ఎక్కడ దిగవచ్చో రాసి ఉంచాడంటే తన వెనుక వచ్చేవారికి ఆ శ్రమను తగ్గించడానికే కదా.

కాశీ వైపు గడిలోనూ నేను మరచిన పద్దులున్నాయి. జనవరిలో ఉత్తరాదిన పొగమంచు వల్ల రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యానికి తగ్గ తిండి, నీళ్ళు కొనాలి. అమ్మకు స్వెట్టరు, శాలువా, ఉన్ని మేజోళ్ళు కొనవలసి వచ్చింది. రోజు కూడా ముఖ్యమే. 2023 ఏప్రిల్ 22 నుండి మే 3 వరకు జరిగిన గంగా పుష్కరాలలో తెలుగువారు వేల సంఖ్యలో కాశీకి తరలివెళ్ళారు. అటువంటి వేళ ఎంత పెద్ద సత్రమైనా చాలదు.

అండమాన్ సంగతి పూర్తిగా వేరు. మేము తరువాత రెండేళ్ళకు అక్కడికీ వెళ్ళాం కనుక చూసి చెబుతున్నాను. ఆ దీవులలో ఎక్కువ భాగం అడవి. బియ్యం, పప్పులు, ఉల్లిపాయలు, సిమెంటు, పెట్రోలు వంటివి ప్రధాన భూభాగంనుండి ఓడల మీద రావలసినవే. పళ్ళెంలో వడ్డించిన ప్రతి వస్తువు మీదా సముద్రం తన సుంకం వసూలు చేసుకొంటుంది. రాజధాని పోర్ట్ బ్లెయిరుకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు పెట్టారు. అక్కడ దిగినంతలో యాత్ర పూర్తి కాదు. అందమైన తీరాలు గల స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళాలంటే మళ్ళీ పడవ ఎక్కాలి. ప్రభుత్వ పడవ చవక, కాని టికెట్టు దొరకదు. ప్రైవేటు పడవ దొరుకుతుంది, కాని ప్రియం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఏ పడవా కదలదు. మాకు అలా ఒక రోజు గదిలోనే గడిచింది. చూసినదేమీ లేకపోయినా ఆ రోజుకూ అద్దె కట్టాం. దీవుల యాత్రకు పోయేవారు తమ లెక్కలో ఒక ఖాళీ రోజును చేర్చుకోవడం మంచిది.

అక్కడ ఆత్మీయతకు లోటు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరంనుండి బతుకుతెరువు వెతుక్కొంటూ పోయిన కుటుంబాలు అందులో అనేకం. కాని వారు కష్టపడి సంపాదించుకోవడానికి పోయినవారు. యాత్రికుల కోసం సత్రాలు కట్టే తరాలు అక్కడ గడవలేదు. పెద్ద వింత సెల్యులార్ జైలు. 1906లో నిర్మాణం పూర్తయిన ఆ కారాగారంలోని గదులలో నిలబడినప్పుడు, అండమానుకు దారిఖర్చు లేకుండా వచ్చినవారు వీరే కదా అనిపించింది. ఓడ ఛార్జీ సర్కారువారే భరించారు.

ఇక మా తీర్పు. ఏ విధంగా కూడినా కాశీ ఖర్చు అండమాన్ ఖర్చులో మూడో వంతు దాటలేదు. ఆ మాటే ఇంట్లో ప్రకటించాను. మా అమ్మాయి ఆ పేజీని చాలాసేపు చూసి, “ఇందులో నాయనమ్మ వయసు ఎక్కడా రాయలేదేం నాన్నా?” అని అడిగింది. అమ్మకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళు. అండమాన్ రెండేళ్ళు ఆగగలదని చెప్పి, కాశీకి టికెట్లు తీయించినది ఆ పిల్లే. నేను వేసిన లెక్క సరైన జవాబే ఇచ్చింది గాని, అడగవలసిన ప్రశ్న అది కాదు.

కాశీలో ఐదు రోజులున్నాం. రోజూ మధ్యాహ్నం ఒక సత్రంలోనే భోజనం. బయలుదేరే రోజున అమ్మ నన్ను సత్రం కచేరీ గదికి తీసుకుపోయి, కొంగున ముడివేసి తెచ్చుకొన్న సొమ్మును బల్ల మీద పెట్టింది. మేము తిన్న భోజనాల విలువకు అది చాలా ఎక్కువ.

“ఇంత ఎందుకమ్మా? మనం తిన్నది ఇందులో సగం కూడా ఉండదు” అన్నాను.

“మనం తిన్నది ఎవరో ఎప్పుడో కట్టేశారురా. ఇది రేపు వచ్చేవాళ్ళకి.”

రసీదు మా నాన్నగారి పేర రాయించింది. రైలులో నోటుపుస్తకం తెరిచినప్పుడు ఆ మొత్తాన్ని ఏ పద్దు కింద రాయాలో నాకు తోచలేదు. దానధర్మాలకు నేను గడి గీయలేదు. మా అమ్మాయి కలం తీసుకొని ‘భోజనం’ అన్నచోట వేసిన సున్నా కొట్టివేసి, ఆ అంకె రాసి, మళ్ళీ కూడింది. కాశీలో మేము తిన్న తిండి మంచి హోటలు భోజనం ధరకు కొంచెం పైగానే తేలింది.

ఆలోచించి రాయండి

మీ కుటుంబం వెళ్ళదలచిన రెండు వేర్వేరు ప్రదేశాలను ఎంచుకొని, దారిఖర్చును, రోజు ఖర్చును విడివిడిగా లెక్కించండి. మూడు రోజులకు, ఆరు రోజులకు రోజు సగటు ఎలా మారుతుందో వివరించండి.

మీ ఊరిలోగాని సమీపంలోగాని ఉన్న సత్రం, చలివేంద్రం, ధర్మశాలలలో ఒకదానిని చూసి, దానిని ఎవరు కట్టించారో, నేడు ఎవరు నడుపుతున్నారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.

‘అడగవలసిన ప్రశ్న అది కాదు’ అని రచయిత ఏ సందర్భంలో అన్నాడు? అడగవలసిన ప్రశ్న ఏమై ఉంటుందో సొంత మాటలలో రాయండి.