రసాయన సమీకరణములు – గింజల లెక్క

రసాయన సమీకరణములు తెలుగున బోధపడవని, పిల్లలను మాధ్యమము మార్పింతుమని కొందరు తలిదండ్రులు మాతో అనుచున్నారు. చిక్కు భాషలో లేదు; పిల్లలు వీనిని ఎక్కములవలె వల్లించుటలో నున్నది. ప్రశ్న మారిన నాడు వల్లించినది అక్కరకు రాదు.

రసాయన చర్యలో పరమాణువులు పుట్టవు, నశింపవు. వాని చేరికలే మారును. చర్యకు ముందును తరువాతను ద్రవ్యరాశి సమానమని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే 1789లో తన గ్రంథమున చాటెను.

వంటగ్యాసులోని ప్రొపేనును చూడుడు. దాని అణువున కర్బన పరమాణువులు 3, ఉదజని పరమాణువులు 8. ఇది ఆమ్లజనితో మండి బొగ్గుపులుసు వాయువును, నీటిని ఇచ్చును. 3 కర్బనములకు బొగ్గుపులుసు వాయువు అణువులు 3. 8 ఉదజనులకు నీటి అణువులు 4. అప్పుడు కుడివైపున ఆమ్లజని 6ను 4ను, వెరసి 10. ఆమ్లజని అణువున పరమాణువులు రెండు గనుక ఎడమవైపున 5 అణువులు చాలును. ఒంటరిగా నున్న ఆమ్లజనిని తుదకు నిలుపుటయే ఇందలి కిటుకు.

లెక్క కుదరనప్పుడు పిల్లలు సంకేతము క్రింది చిన్న అంకెను దిద్దుదురు. ఇది సామాన్యమైన తప్పు కాదు. నీటి సంకేతమున ఆమ్లజనికి 2 చేర్చినచో అది నీరు కాదు, హైడ్రొజన్ పెరాక్సైడు! మార్చదగినది ముందుంచు గుణకమే.

ఇంట రసాయనము చదివినవారు లేకున్నను తల్లులు సాయపడవచ్చును. కర్బనమునకు చింతగింజలు, ఉదజనికి కందిపప్పు, ఆమ్లజనికి శనగలు ఇచ్చి, రెండు పళ్లెములలో సరిచూడుమనుడు. పిదప 4 కర్బనములు, 10 ఉదజనులు గల బ్యూటేనును చేయింపుడు. ఆమ్లజని ఆరున్నర అణువులు వచ్చును. అప్పుడు అన్నిటిని రెండింతలు చేయవలెను.