ఆరుబయలు ఛాయాగ్రహణం - దూరకటకం ఎంపిక

కంటికి కనిపించినదంతయు కెమెరాకు అందదు. చెరువు నడుమ చెట్టుపై వాలిన కొంగ మన కంటికి నిండుగా తోచును. చిత్రంలో చూడగా తెల్లని చుక్కయై మిగులును. ఈ కొరతను తీర్చునదే టెలిఫోటో కటకం. నాభ్యంతరాన్ని మార్చుకొనే వీలు కూడ ఉన్నచో అది జూమ్ కటకమగును.

నేను తెలుగు బోధించువాడనే గాని భౌతికశాస్త్రజ్ఞుడను కాను. అయినను ఈ విషయమై వ్రాయుటకు ఒక కారణం కలదు. కొన్నాళ్ల క్రిందట విద్యార్థులతో గోలకొండ కోటకు వెళ్లితిని. మిత్రుని వద్ద ఎరువు తెచ్చిన పెద్ద కటకం నా భుజాన ఉన్నది. బాలాహిస్సారు చేరునప్పటికి చేయి వణకసాగినది. అచటి నుండి నేను తీసిన కుతుబ్‌షాహీ సమాధుల చిత్రాలలో ఒక్కటియు స్పష్టంగా రాలేదు. మా విద్యార్థి యొకడు తన అన్నగారి పాత కెమెరాకు తగిలించిన చిన్న కటకంతో తీసిన చిత్రమే మాకు దక్కినది. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అను సామెత ఆనాడు చక్కగా బోధపడినది.

కటకాన్ని ఎన్నుకొనునపుడు యోచింపవలసిన విషయాలు నాలుగు.

మొదటిది నాభ్యంతరం. అది రెట్టింపైనచో, అదే దూరం నుండి ప్రతిబింబపు పొడవు వెడల్పులు రెట్టింపగును. కట్టడాలకు 200 మి.మీ. సాధారణంగా చాలును, పక్షులకు 300 లేక 400 మి.మీ. కావలయును. కానన్ వారి చిన్న సెన్సార్ కెమెరాపై 250 మి.మీ. కటకం, పూర్తి ఫ్రేమ్ కెమెరాపై 400 మి.మీ. కటకం చూపునంత దృశ్యాన్నే చూపును.

రెండవది ద్వారపు వెడల్పు. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యచే భాగించిన ద్వారపు వ్యాసం వచ్చును. 200 మి.మీ. వద్ద ఎఫ్ 2.8కు అది సుమారు 71 మి.మీ.; ఎఫ్ 4కు 50 మి.మీ. మొదటిదానిలో రెండింతల వెలుగు ప్రవేశించును. అంత గాజును మోయవలసినది మాత్రం మనమే.

కనుక మూడవది బరువు. 2018లో కానన్ సంస్థ ఒకేసారి ప్రకటించిన రెండు 70-200 మి.మీ. కటకాలలో ఎఫ్ 2.8 బరువు 1480 గ్రాములు. ఎఫ్ 4 బరువు 780 గ్రాములు. అదే సంస్థ చిన్న సెన్సార్ కెమెరాలకై 2013లో తెచ్చిన 55-250 మి.మీ. కటకం 375 గ్రాములే. దూరపు కొసన దాని ద్వారం ఎఫ్ 5.6కు ఇరుకగును. పగటి వెలుగులో అది లోపం కాదు. సంధ్యవేళను, అడవి నీడలోను ఆ కొరత తెలియును.

నాలుగవది నిలకడ. చేతితో పట్టి తీయునపుడు 400 మి.మీ. దృశ్యానికి సెకనులో 400వ వంతు కన్న తక్కువ కాలం షట్టర్ తెరచుట పాత నియమం. కదలికను సవరించు ఏర్పాటుతో 1995లో కానన్ వారి 75-300 మి.మీ. కటకం వచ్చిన తరువాత ఈ నియమం సడలినది. అయితే ఆ ఏర్పాటు మన చేతి వణకును ఆపునే గాని పక్షి రెక్కను ఆపజాలదు. ఎగురు పక్షికి సెకనులో వెయ్యవ వంతో, అంతకన్న తక్కువయో కావలయును.

పాత కటకం కొనువారు దానిని వెలుగుకెదురుగా పట్టి లోపల బూజున్నదేమో చూడవలెను. మధ్యాహ్నపు వేడిగాలి చిత్రాన్ని అలలవలె కదలించును. ఎంత వెలగల కటకమైనను దానిని సరిదిద్దలేదు. ఉదయమే బయలుదేరుట మేలు.

దూరకటకం ఒక మర్యాదను కూడ నేర్పును. నేలపట్టు వంటి చోట్ల గూళ్లు కట్టుకొన్న గూడబాతులను బెదరింపక, దూరముననే నిలిచి చూచుట ఆ మర్యాద.

విద్యార్థులారా, వెల చూచి వెనుదీయవలదు. మీ చేయి రోజంతయు మోయగల కటకమే మీకు తగినది. కళాశాల సంఘమువారు అట్టి తేలికైన కటకం ఒక్కటి, దానికి తగిన కెమెరాతో సమకూర్చినచో, కొనలేని పదిమంది పిల్లలు వంతులవారీగా లోకాన్ని చేరువగా చూడగలరని నా విన్నపం.