కొండ ఎక్కే ముందు

జగదల్‌పూర్‌కు బదిలీ అయిన కొత్తలో ఢోల్‌కల్ కొండ మీది రాతి గణపతిని చూడాలని పిల్లలతో బయలుదేరాను. ఎండెక్కాక నడక, కొత్త బూట్లు, నలుగురికీ ఒకటే నీళ్ల సీసా. సగం దారిలో అమ్మాయి మడమలు బొబ్బలెక్కాయి. వెనుదిరిగాం. ఇంటికొచ్చేదాకా అది మాట్లాడలేదు.

“మా బస్తర్ అమ్మాయి నైనా సింగ్ ధాకడ్ 2021లో ఎవరెస్టు ఎక్కింది. మీ పూర్ణ 2014లోనే ఎక్కింది. పూర్ణ ముందు చిన్న కొండల మీదే నేర్చుకుంది సార్” అన్నాడు మా అటెండరు.

ఆ మాట పట్టుకుని నెల రోజులు సాధన చేశాం:

• రోజూ అరగంట మెట్లెక్కడం, చివరి వారం వీపున సంచితో.
• బూట్లు రెండు వారాలు ముందే వాడి మెత్తబరచడం. వేళ్ల ముందు కాస్త ఖాళీ, గోళ్లు కత్తిరించి ఉండటం.
• సంచిలో బరువైనవి వీపుకు ఆనించి సర్దడం, చేతులు ఖాళీగా ఉంచడం.
• బండ ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆనే ఉండటం.
• దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి చిన్న అడుగులు వేయడం.
• ఊరి మనిషిని తోడు తీసుకోవడం. తిరిగి బయలుదేరే వేళ ముందే అనుకోవడం.

రెండోసారి తెల్లవారగానే బయలుదేరాం. గణపతి ముందు అమ్మాయి అడిగింది: “నాన్నా, తర్వాత ఏ కొండ?”

“ముందు జాగ్రత్తగా దిగుదాం తల్లీ” అన్నాను.