అమ్మమ్మ తడిగుడ్డ, నానో దారం

మా అమ్మమ్మ వాళ్ళది కృష్ణపట్నం దగ్గర ఊరు. మిద్దె మీద ఆరేసిన బట్టలు దులిపితే నల్లటి పొడి రాలుతుంది. అందుకని ఆమె కిటికీకి తడిగుడ్డ కడుతుంది. "ఇది చాలదా అబ్బయ్యా?" అని మొన్న సెలవుల్లో నన్నడిగింది.

చాలదు. కంటికి కనిపించే పొడిని గుడ్డ కొంత ఆపుతుంది. ఊపిరితిత్తుల లోతుకి చేరేది మాత్రం 2.5 మైక్రాన్లకన్నా సన్నటి ధూళి. మన వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు! నేత సందుల్లోంచి ఆ ధూళి సులువుగా దూరిపోతుంది.

ఇక్కడే నానోఫైబర్ పనికొస్తుంది. పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో నింపి, సూదికి 10 నుంచి 30 కిలోవోల్టులు ఇస్తే, మొన దగ్గరి బొట్టు శంకువులా సాగి సన్నటి ధారగా దూకుతుంది. దారిలో ద్రావకం ఆవిరై, ఎదుటి రేకు మీద దారం పేరుకుంటుంది. ఇదే ఎలక్ట్రోస్పిన్నింగ్. దారం మందం కొన్ని వందల నానోమీటర్లే. ఇది జల్లెడ పట్టడం ఒక్కటే కాదు. అతి సన్నటి కణాలు గాల్లో అటూ ఇటూ కదులుతూ దారాలకి తగిలి అతుక్కుపోతాయి. పొర పలచన కాబట్టి గాలి కూడా ఆడుతుంది.

చిక్కేమిటంటే, ధూళి ఎక్కువైతే పొర త్వరగా పూడుకుపోతుంది. అందుకే ముందు మామూలు ఫిల్టర్, దాని వెనక నానో పొర పెడతారు.

ఇదంతా విని అమ్మమ్మ, "ఇంటికైతే కడతావు, ఊరంతటికీ ఎట్ట కడతావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫిల్టర్ చివరి కాపలా మాత్రమే. పొడిని లేచేచోటే ఆపడం మొదటి పని.