పాఠం: వేటగాడికి వయసు నేర్పిన చదువు

ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు ఉంది. గట్టు మీద కొంగలు వాలుతాయి. పిల్లవాడు ఉండేలు పడతాడు. గురి చూసి రాయి కొడతాడు. దెబ్బ తగిలితే గంతులేస్తాడు. పిట్ట సంగతి వాడికి పట్టదు.

వాడు పెద్దయ్యాక కూడా అట్లనే ఉంటాడా?

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ సంగతి చదివారు. వేటగాళ్ళను అడిగి తెలుసుకున్నారు. వేటలో ఐదు మెట్లు ఉన్నాయన్నారు.

1. తుపాకి పేలితే చాలు, సంతోషం.
2. ఎన్ని కొట్టాననే లెక్క.
3. పెద్ద కొమ్ముల జంతువే కావాలి.
4. ఎట్లా వేటాడాను అన్నదే ముఖ్యం.
5. ఏమీ దొరకకపోయినా సరే, అడవిలో ఉంటే చాలు.

అందరూ ఐదో మెట్టు ఎక్కరు. కొందరు రెండో మెట్టు మీదనే ఆగిపోతారు.

పై మెట్టు దాకా వెళ్ళిన మనిషి ఒకరు మన దగ్గరే పుట్టారు. ఆయన పేరు కెన్నెత్ ఆండర్సన్. సికింద్రాబాదు పక్కనున్న బొల్లారంలో 1910లో పుట్టారు. బెంగుళూరులో స్థిరపడ్డారు. మనుషులను తినే పులులను, చిరుతలను వేటాడారు. నల్లమలలోని దిగువమెట్ట, తిరుపతి వైపు మామండూరు అడవుల కథలు రాశారు. ఆయన మొదటి పుస్తకం 1954లో వచ్చింది.

పులి మనిషిని ఎందుకు తింటుంది? మామూలుగా అది మనిషిని చూస్తే తప్పుకుంటుంది. కాలికి తూటా గాయమైతే జింకను పట్టలేదు. ముళ్ళపంది ముళ్ళు గుచ్చుకున్నా అంతే. ఆకలికి మనిషి మీద పడుతుంది. అంటే, ఒక వేటగాడి తొందరపాటుకు ఎక్కడో ఒక ఊరు ఏడుస్తుంది.

మంచె మీద రాత్రంతా కూర్చున్న వాడికి అడవి అర్థమవుతుంది. ఏ అరుపు ఎవరిదో తెలుస్తుంది. తెలిసిన కొద్దీ చంపాలనే కోరిక తగ్గుతుంది. పెద్ద వయసులో ఆండర్సన్ తుపాకి కంటే కెమెరాను ఎక్కువ ఇష్టపడ్డారు. అడవిని కాపాడాలని చెప్పారు. 1974లో చనిపోయారు.

అప్పటికే చట్టం వచ్చింది. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. పులిని, చిరుతను చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. రామచిలుకను పట్టి పంజరంలో పెట్టినా నేరమే.

కానీ అక్కలారా, పిల్లవాడికి బుద్ధి రావడానికి ముసలితనం దాకా ఆగాలా? అన్ని పిట్టలు చచ్చాక బుద్ధి వస్తే ఏం లాభం? కొట్టి ఊరుకుంటే వాడు చాటుగా కొడతాడు. వాడిని గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకోండి. కొంగ చేపను ఎట్లా పడుతుందో చూపించండి. గూడు ఎక్కడుందో వెతకమనండి. గురి చూసే కన్ను అదే. చూసేది మాత్రం మారుతుంది.

ఆలోచించి చెప్పండి:
1. పులి మనిషిని ఎప్పుడు తింటుంది?
2. ఐదో మెట్టు మీద వేటగాడికి ఏం కావాలి?
3. మీ వాడలో ఏ ఏ పిట్టలు కనిపిస్తాయి? వాటి పేర్లు రాయండి.